ఆటలో అరటిపండు ఎవరు?



"ఆటలో అరటిపండు" అను మాట మన యిండ్లలో నేటికిని వినబడుచున్నది. ఆడుటకు తగిన వయస్సు రాని పసివానిని ఆటలో చేర్చుకొని, వాడు ఔటైనను ఔటు కాదనియు, వాని తప్పు లెక్కలోనికి రాదనియు పెద్దపిల్లలు ముందుగా ఒప్పుకొందురు. ఇది దయ వలన పుట్టిన ఏర్పాటు. అయితే కంప్యూటరు మీదను, సెల్‌ఫోను మీదను దూరదేశములవారితో కలిసి ఆడు ఆన్‌లైను ఆటలను జూచినచో, ఎదిగినవారు సైతము ఆ అరటిపండు పదవిని తమకు తామే కట్టబెట్టుకొన్నట్లు తోచును. "ఇది ఆటయే కదా, ఇందు చేసినది లెక్కకు రాదు" అని వారి వాదము. ఆటలో చేసిన తప్పు నిజముగా లెక్కకు రాదా? ఈ ప్రశ్నను మీతో కలిసి విచారింపవలెనని నా కోరిక.

సంస్కృతికి సంబంధించిన సంచికలో ఆటల ప్రసక్తి యేల యని పెద్దలు అడుగవచ్చును. కురుక్షేత్రమునకు దారి తీసినది ఒక పాచికలాటయే గదా! ఆటను చిన్నవిషయమని మన పూర్వులు ఎన్నడును తలపలేదు.

నేను యూ టీ నివాసిని. తియోచ్యూ మాటలో ఈ పేరునకు నూనె మడుగని అర్థము. జపానువారి ఆక్రమణ కాలమున ఇచ్చట నూనె నిలువలు ఉండెడివనియు, అందువలననే ఆ పేరు వచ్చినదనియు చెప్పుదురు. ఒకనాటి పల్లె నేడు అంతస్తుల యిండ్ల పట్టణమైనది. 1996లో రైలు స్టేషను వచ్చినది. రాత్రి భోజనానంతరము ఇచ్చటి నా చిన్న గదిలో కూర్చుండి నేను ఆడు ఆటకు ఐదుగురు కావలయును. ఒకడు దిగువ పేరాక్‌లోని మా బంధువుల కుమారుడు. ఒకడు విశాఖపట్నమున చదువుకొను బాలుడు. మాకు రాత్రి పది గంటలైనప్పుడు వానికి ఏడున్నర. మిగిలిన యిద్దరును ఎవరో నాకు తెలియదు. ఆ రాత్రికి యంత్రము జతపరచినవారు.

ఇట్టి ఆటలు నిన్నటివి కావు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను విద్యార్థులు 'మడ్' అను ఆటను నిర్మించిరి. అందు బొమ్మలు లేవు, అక్షరములే. అయినను పలువురు ఒకేసారి ఒకే లోకమున సంచరింపగలిగిరి. 2004లో వెలువడిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' లక్షల మందిని ఆకర్షించెను. 2022 అక్టోబరులో 'డోటా' ఆట యొక్క ప్రపంచపు పోటీ మన సింగపూరునందే జరిగెను. దాని తుదిపోరు ఇండోర్ స్టేడియమున జరిగెను. కనుక దీనిని పిల్లచేష్టయని త్రోసివేయుటకు వీలులేదు.

మొదట "లెక్కకు రాదు" అనువారి పక్షమున ఉన్న న్యాయమును చూతము. పులిజూదమున మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకను దాటి చంపును; ఆడినవానికి హత్యాదోషము అంటదు. చదరంగమున ఒక బంటును ఎరగా చూపి మంత్రిని పట్టుకొందుము. దానిని మోసమని ఎవరును అనరు. ఏలయనగా ఇరువురును ఆ నియమములను ఎరిగి, ఒప్పుకొని కూర్చుండిరి. ఒప్పుకొన్న దెబ్బ దెబ్బ కాదు. ఒప్పుకొన్న మాయ మాయ కాదు. తెర మీద నేను శత్రువును కత్తితో పొడిచినను, పొదలో దాగి వెనుక నుండి పడినను ఇదే న్యాయము వర్తించును. హింస కనబడుచున్నది గనుక ఈ ఆటలన్నియు పాపములను పెద్దల మాటను నేను అంగీకరింపజాలను.

అయితే ఆ న్యాయమునకు ఆధారము ఒప్పుదల. ఒప్పుదల ఎంతవరకో మినహాయింపు అంతవరకే. చెడుగుడును తలంచుకొనుడు. రబ్బరు తోటలలోను ఎండు పొద్దు వాలిన తరువాత మనవారు ఆడిన ఆట అది. కూత పట్టి వెళ్ళినవాడు నడుమ ఊపిరి తీసికొనెనా లేదా యన్నది ఒక్కొక్కప్పుడు వానికి దప్ప మరెవ్వరికిని తెలియదు. అట్టి ఆట నిలిచినది వాని నిజాయితీ మీదనే. నేటి ఆటలలో గోడల చాటునున్నవారిని చూపించు దొంగ ప్రోగ్రాములను కొని వాడువారు కలరు. కూత తెగినను తెగలేదని బొంకుటయు, ఇదియు ఒక్కటే. ఎదుటివాడు కత్తిపోటుకు ఒప్పుకొనెను గాని, దీనికి ఒప్పుకొనలేదు.

ఇంతకంటె సామాన్యమైన తప్పు మరియొకటి కలదు: ఓడిపోవుచున్నామని తోచినంతనే ఆట నడుమ లేచిపోవుట. ఒక ఆట సుమారు నలువది నిమిషములు సాగును. ఐదుగురిలో ఒకడు పోయినచో మిగిలిన నలుగురును ఆ పొద్దును వ్యర్థముగా గడపవలసి వచ్చును. ఆటలోని కోట అబద్ధము, కత్తి అబద్ధము. కాని ఆ నలుగురు వెచ్చించిన కాలము నిజము. దినమంతయు ఆసుపత్రిలోనో, కార్ఖానాలోనో పనిచేసి వచ్చి దొరికిన గంటను మనకు అప్పగించినవారు వారు. ఆ గంటను మరల ఎవరు ఇయ్యగలరు?

ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న వచ్చును. నియమములే మోసమును అనుమతించిన ఏమి చేయవలెను? ఐస్‌లాండు వారి 'ఈవ్ ఆన్‌లైన్' అను ఆటలో ఆకాశ నౌకలతో వ్యాపారము, యుద్ధము సాగును. నమ్మించి దోచుకొనుట అందు నిషిద్ధము కాదు. 2005లో ఒక ముఠావారు పోటీ సంఘమున చేరి, ఏడాదికి దగ్గరగా నమ్మకస్థులవలె మెలగి, ఒకే దినమున ఆ సంఘపు నాయకురాలి నౌకను కూల్చి గిడ్డంగులను కొల్లగొట్టిరి. ఆట నియమముల ప్రకారము వారు దోషులు కారు. ఆ లోకములో అడుగిడినవారందరును ఇట్టిది జరుగవచ్చునని ఎరుగుదురు గనుక నౌక పోయినందుకు వగవ పనిలేదని నేనును అందును. కాని నెలల తరబడి రాత్రివేళ పలుకరించుకొనుచు ఏర్పడిన చెలిమి మాట యేమి? ఆట నియమము నౌకలకు తీర్పు చెప్పగలదు. చెలిమికి తీర్పు చెప్పుటకు దానికి అధికారము లేదు. అచ్చట గెలిచినవారు తమ గెలుపు తోడనే మరియొక వస్తువును కూడ వెచ్చించిరని నా భావము. దీనికి మీలో కొందరు ఒప్పుకొనకపోవచ్చును.

అదే 2005 సెప్టెంబరులో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో ఒక విచిత్రము జరిగెను. ఒక ప్రాంతములోని సర్పదేవత తన మీదికి వచ్చినవారికి అంటించు రక్తవ్యాధి ఆ ప్రాంతము దాటి రాగూడదు. నిర్మాతల పొరపాటున అది పెంపుడు జంతువుల ద్వారా నగరములకు ప్రాకెను. బలము తక్కువగల పాత్రలు కుప్పలుగా కూలినవి. అప్పుడు చికిత్సాశక్తి గలవారు కొందరు ఎవరును అడుగకయే రోగులకు సాయపడిరి. మరికొందరు వ్యాధిని బుద్ధిపూర్వకముగా తెచ్చి జనసమ్మర్దములో విడిచిరి. తుదకు కంపెనీవారు యంత్రములను మరల మొదటికి త్రిప్పి దానిని అణచిరి. 2007లో ఇద్దరు పరిశోధకులు అంటువ్యాధులను గూర్చిన లాన్సెట్ పత్రికలో దీనిని చర్చించిరి. వారికి కావలసినది వ్యాధి వ్యాపించు తీరు. నాకు కావలసినది మరియొకటి. లోకము ఒక్కటే, నియమములు ఒక్కటే, ప్రాణభయము ఎవ్వరికిని లేదు. అయినను ఒకడు వైద్యుడాయెను, ఒకడు వ్యాధిని మోసెను. ఆట మన చేతికి కత్తి నిచ్చును గాని, మన బదులు ఎన్నిక చేయదు.

"అచ్చట నా పేరు వేరు, నా రూపు వేరు, చేసినది నేను కాను" అను వాదము ఇంకొకటి. విరాటుని కొలువును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ధర్మరాజు కంకుభట్టాయెను, భీముడు వలలుడాయెను, అర్జునుడు బృహన్నల యాయెను. పేరులు మారినవి గాని ధర్మము సెలవు పుచ్చుకొనలేదు. బృహన్నల యిచ్చిన విద్య నిజమైన విద్యయే; ఉత్తర నేర్చిన నాట్యము నిజమైన నాట్యమే.

మారుపేరు వెనుక మంచియు నిలుచునని నార్వేలోని మాట్స్ స్టీన్ జీవితము చూపుచున్నది. కండరములు క్షీణించు వ్యాధితో బాధపడిన ఆ యువకుడు 2014లో ఇరువదియైదవ యేట మరణించెను. కుమారునకు స్నేహితులే లేకుండిరని తలిదండ్రులు దుఃఖించిరి. అతని బ్లాగులో మరణవార్త ప్రకటింపగా, ఎన్నడును చూడనివారి నుండి ఉత్తరములు వచ్చిపడెను. కొందరు అన్య దేశముల నుండి అంత్యక్రియలకే వచ్చిరి. ఆటలో అతడు 'ఇబెలిన్' అను పేరున ఎందరికో ఓదార్పు చెప్పియుండెను. 2024లో అతని కథ చిత్రముగా వెలువడినది. ఇబెలిన్ చేసిన మేలు లెక్కకు వచ్చినప్పుడు, అట్టి పేరుల చాటున చేసిన కీడు మాత్రము లెక్కకు రాకుండునా?

ఒప్పుదలను గూర్చి మనకు చెప్పవలసిన పనిలేదు. మన తాతముత్తాతలలో పలువురు చదువనేరని ఒప్పంద పత్రముపై వ్రేలిముద్ర వేసి ఓడ ఎక్కిరి. కూలి యెంత, కోత యెంత, తిరిగివచ్చుట యెన్నడు అన్నది వారికి సరిగా తెలియలేదు. 1910లో మలయాకు ఆ పద్ధతిని నిలిపివేసిరి. తెలియక చేసిన ఒప్పుదల ఒప్పుదల కాదని మన వంశములు అనుభవమున నేర్చినవి. నేడు కొన్ని ఆటలలో 'లూట్ బాక్స్' అను మూతవేసిన పెట్టెలను పిల్లలకు అమ్ముచున్నారు. డబ్బు ముందు చెల్లింపవలెను. లోన ఏమున్నదో తరువాతనే తెలియును. 2018లో బెల్జియము వీటిని జూదముగా ఎంచి నిషేధించెను. ఆటగాని ధర్మమును అడుగు మనము, ఆట కట్టినవాని ధర్మమును గూడ అడుగవలెను.

ఇక ఇంటి మాట. ఆట నడుమ లేవరాదంటిని, తల్లి పిలిచినచో? తల్లి పిలుపే ముందు. అందు సందేహము లేదు. కాని ఈ ఆటలను నడుమ ఆపి మరల మొదలిడుటకు వీలుండదని పెద్దలు ఎరుగవలెను. "ఇప్పుడే లెమ్ము" అన్నచో పిల్లవాడు మీ మాటనో, నలుగురికిచ్చిన మాటనో తప్పవలసినదే. ఆట మొదలు కాకమునుపే "ఇది కడపటిది, తరువాత భోజనము" అని చెప్పుట మేలు. పిల్లవాడును నలువది నిమిషముల తీరిక తనకు కలదా యని ముందే యోచింపవలెను. 2022 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి రోగముల పట్టికలో ఆటల వ్యసనమును చేరినది. ఆటయే తనను ఆడించుచున్నదని తెలిసినవాడు వైద్యుని సలహా కోరుటకు సిగ్గుపడరాదు.

యువతీయువకులారా! ఆట ముగిసినప్పుడు 'జీ జీ' అని రెండక్షరములు వ్రాయు ఆచారము మీకు తెలియును. ఆట బాగుండెనని దాని భావము. గెలిచినప్పుడు ఆ మాట వ్రాయుట సులభము. ఓడినప్పుడు, తప్పు జోడుగానిదే యని మనస్సు మండుచున్నప్పుడు, తిట్టు వ్రాయబోయిన వ్రేళ్ళతో ఆ రెండక్షరములను వ్రాయుడు. వాటిని చదువువాడు ఎచ్చటనో దీపము క్రింద కూర్చున్న మనిషి.

శుభమస్తు.