నిద్రించినవారు

తెలుగు క్రైస్తవుల సమాధుల మీద ‘ప్రభువునందు నిద్రించెను’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. పరామర్శకు వచ్చినవాళ్లు మాత్రం ‘ఆత్మ దేవుడి దగ్గరికి వెళ్లిపోయింది, ఏడవకండి’ అంటారు. రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, కావు. నిద్రపోయినవాడు లేవాలి, వెళ్లిపోయినవాడికి లేవాల్సిన పనేముంది? ఆదిమ క్రైస్తవానికి దగ్గరగా ఉన్నది రాయి మీది మాటేనని నా అభిప్రాయం. ప్లేటో ‘ఫీడో’లో సోక్రటీసు విషం తాగే ముందు దేహమనే చెర వీడుతుందని నిబ్బరంగా మాట్లాడతాడు. గెత్సేమనేలో యేసు అలా లేడు. కలవరపడ్డాడు, ఆ ఘడియ తప్పిపోవాలని వేడుకున్నాడు. కాసేపట్లో లేపబోతున్న లాజరు సమాధి దగ్గర కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడు. క్రైస్తవ వేదాంతి ఆస్కార్ కుల్‌మన్ 1955లో హార్వర్డ్ ఉపన్యాసంలో సోక్రటీసు, యేసుల మరణాలను పక్కపక్కన పెడితే విశ్వాసులే కొందరు నొచ్చుకున్నారు. కానీ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 15వ అధ్యాయంలో మరణం విడుదల కాదు, చిట్టచివర ఓడిపోవాల్సిన శత్రువు. 381 నాటి విశ్వాస ప్రమాణం కూడా ఎదురుచూసేది మృతుల పునరుత్థానం కోసమే.

మరి సిలువ మీది దొంగకు ఆ రోజే పరదైసు దొరుకుతుందన్న వాగ్దానం మాటేమిటి? గట్టి ఆక్షేపణే. పౌలు కూడా ఫిలిప్పీయులకు రాస్తూ లోకం విడిచి క్రీస్తుతో ఉండాలని ఆశపడ్డాడు. పునీతుల ఆత్మలు తీర్పు దాకా ఆగకుండానే దేవుణ్ణి దర్శిస్తాయని పోపు 12వ బెనెడిక్టు 1336లో శాసించాడు (ఆయనకు ముందున్న పోపే దీనికి విరుద్ధంగా ప్రసంగించాడు!). అయితే ఆ శాసనం కూడా చివరికి అందరూ దేహాలతోనే తీర్పుకు నిలబడతారంటుంది. అంటే పరదైసు మజిలీయే, గమ్యం కాదు. బూడిదైన దేహం ఎలా లేస్తుందన్నది మరో ప్రశ్న. పౌలు విత్తనాన్ని చూపాడు: నాటింది గింజ, మొలిచేది మొక్క. పాత అణువులను ఏరి కూర్చడం గురించి ఆయన మాట్లాడటం లేదు. దహనం పునరుత్థానానికి అడ్డు కాదనే కతోలిక సంఘం 1963లో దానికి అనుమతించింది.

కాబట్టి చావు ఇంటికి వెళ్లినప్పుడు ‘ఏడవకండి’ అనకండి. బేతనియలో లాజరు అక్కచెల్లెళ్లతో యేసు ఆ మాట అనలేదు. నాయీనులో విధవరాలితో అన్నాడు. అని, పాడె ముట్టి, ఆమె కొడుకును లేపి అప్పగించాడు.