రెక్కల గుర్రం బడిలో ఉండవచ్చా?

వట్లూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల ముస్లిం పిల్లల్లో చాలామంది అందరితోపాటు మామూలు బడుల్లోనే చదువుకుంటారు. మంత్రగాళ్ళు, మాట్లాడే జంతువులు, ఎగిరే తివాచీలు ఉన్న కథలు అక్కడ వారి చేతికి వస్తాయి. ఇవి పిల్లల విశ్వాసాన్ని చెడగొట్టవా అన్న ప్రశ్న తల్లిదండ్రులకు కలగడం సహజమే.

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. 2000 నుంచి 2009 వరకు అమెరికా బడుల్లో, గ్రంథాలయాల్లో అత్యధికంగా అభ్యంతరాలు ఎదుర్కొన్నవి హ్యారీ పోటర్ పుస్తకాలే. అభ్యంతరపెట్టిన వారిలో క్రైస్తవ కుటుంబాలెన్నో ఉన్నాయి. 2002లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వం కూడా ప్రైవేటు బడుల్లో వాటిని నిషేధించింది.

ఈ ఆందోళనకు ఆధారం లేకపోలేదు. చేతబడి ఘోరపాపం. దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 102వ ఆయతు దాన్ని అవిశ్వాసంతో జతచేసి హెచ్చరించింది. కాని చేతబడి చేయడం వేరు, దాని ప్రస్తావన ఉన్న కథ చదవడం వేరు కాదా?

విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల్లో గుడ్డ రెక్కలున్న గుర్రం ఒకటి ఉండేది. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగారు. హజ్రత్ సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులిచ్చారు. ఆయన దంతాలు కనిపించేలా నవ్వారు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్న ఈ ఉదంతంలో మందలింపు లేదు, బొమ్మను లాక్కోవడమూ లేదు.

పంచతంత్రం 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతిమీదుగా ‘కలీలా వ దిమ్నా’గా అరబ్బీలోకి వచ్చింది. ముస్లిం సమాజం దాన్ని శతాబ్దాలుగా చదువుకుంది. ఆ పంచతంత్రమే 1853లో చిన్నయసూరి ‘నీతిచంద్రిక’గా తెలుగు బడికి వచ్చింది. నక్క మాట్లాడితే అది అబద్ధమని ఎవరూ అనలేదు. ఎదుటివాణ్ణి మోసగించేది అబద్ధం. కథలో మోసం లేదు, అది కల్పన అని చెప్పేవాడికీ వినేవాడికీ తెలుసు.

మాట్లాడే నక్క సరే, మంత్రాలు నేర్చే బాలుడే కథానాయకుడైతే? ఏది నిజమో ఏది కల్పనో తేల్చుకోలేని పసివయసులో అలాంటి పుస్తకం ఇవ్వకపోవడమే మంచిది. కాస్త పెద్దయ్యాక ఇస్తే ఉపాధ్యాయుడు పక్కనుండి చర్చించాలి. ఇంట్లో మనం హజ్రత్ మూసా (అలై) వృత్తాంతం వినిపించాలి. ఫిరౌను మాంత్రికుల తాళ్ళు పాకుతున్నట్లు కనిపించాయే గాని సత్యం ముందు నిలవలేదు.

ఏలూరు తివాచీలకు పేరుపొందిన ఊరు. మగ్గం మీద నేసే తివాచీని చూసిన పిల్లవాడు కథలో అది ఎగిరితే ఆనందిస్తాడు, తన ఇంటి తివాచీ ఎగురుతుందనుకోడు. కాని జ్వరం వస్తే మనమే తాయెత్తు కట్టిస్తే నమ్మేస్తాడు. అది కల్పన అని అతనికి ఎవరూ చెప్పరు మరి! తాయెత్తులను, జోస్యులను ఆశ్రయించడాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా వారించారు. చేతబడి అనుమానంతో తెలుగునాట మనుషుల్నే చంపారు. ఆ నమ్మకం పిల్లల కథల్లో పుట్టలేదు, పెద్దల నోట తరతరాలుగా వచ్చింది.

కనుక కల్పనను కల్పనగా చెప్పే పుస్తకం బడిలో ఉండవచ్చు. జాతకాన్నో మంత్రాన్నో నిజమని నేర్పేది ఉండరాదు. ఏ తల్లిదండ్రులకైనా మనసొప్పకపోతే వారి బిడ్డను చిన్నబుచ్చకుండా వేరే పుస్తకం ఇవ్వాలి. అంతేగాని తరగతి మొత్తానికీ ఆ పుస్తకం లేకుండా చేయడం న్యాయం కాదు.

పిల్లల సంచి వెదికే ముందు వారి మెడలో మనం ఏం కట్టామో చూసుకుందాం. అల్లాహ్ మనకు సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.