ఏ విల్లు మేలు?

వర్తకుడు తన జీవితమందు మిక్కిలి తరచుగా వినుచుండు ప్రశ్న ఒకటి కలదు. "ఈ రెండింటిలో ఏది మేలు?" అని కొనువాడు అడుగును. బట్టయైనను, బియ్యమైనను, ఇనుప సామానైనను, ఆ ప్రశ్నకు ఉన్నదున్నట్లు బదులు చెప్పుట మన వృత్తిధర్మమని పెద్దలు నేర్పిరి. నాసి సరకును మేలు సరకని చెప్పి అమ్ముట అచౌర్య వ్రతమునకు అతిచారమని మన శాస్త్రములు చెప్పుచున్నవి. అయితే నిజము చెప్పుటయే దోషమగు సందర్భము ఉండునా? ఈ విషయమును ఒక ఉదాహరణముతో విచారింతము.

మన కుటుంబముల యువకులు కొందరు నేడు అమెరికాలో ఉద్యోగములు చేయుచున్నారు. అచ్చట అనేక రాష్ట్రములలో అనుమతి పత్రము పొంది, నియమిత కాలమందు, విల్లుతో లేళ్లను వేటాడుట చట్టసమ్మతము. అట్టి యువకుని తోడి ఉద్యోగి రెండు విండ్ల వివరములు అతని ముందుంచి, "నీకు లెక్కలు బాగుగా తెలియును గదా, వేటకు ఏది కొనవలెనో చెప్పుము" అని స్నేహముగా అడిగెననుకొందము. మనవాడు బాణము వేయడు, మాంసము ముట్టడు, కాసు లాభము పొందడు. లెక్క మాత్రమే చెప్పును. ఇందు దోషమేమి?

ముందుగా వస్తువును తెలిసికొందము. పూర్వకాలపు విల్లును లాగినకొలది చేతికి బరువు పెరుగును. మిస్సోరి రాష్ట్రమునకు చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ అనునతడు వింటి కొనలకు కప్పీల వంటి చక్రములమర్చి, 1966లో పేటెంటు కోరి, 1969లో పొందెను. దీనికే కాంపౌండ్ విల్లని పేరు. దీనిని పూర్తిగా లాగిన పిమ్మట చేతికి తగులు బరువు ఒక్కసారిగా తగ్గిపోవును. 60 పౌన్ల విల్లులో నూటికి 80 వంతులు తగ్గినచో, విలుకాడు 12 పౌన్లు మాత్రమే పట్టి నిలిపి, తీరికగా గురి చూచుకొనును.

కొనువారు పోల్చి చూచు సంగతులు పలు విధములు. లాగు బరువెంత? లాగు పొడవు తన చేతులకు సరిపడునా? నారికిని పిడికిని నడుమ ఎడమెంత? ఆ ఎడము తగ్గినచో బాణవేగము హెచ్చును గాని, చేతి తప్పును విల్లు మన్నింపదు. ఇక తయారీదారులు ప్రకటించు వేగము సాధారణముగా 70 పౌన్ల బరువు, 30 అంగుళముల లాగు, 350 గ్రెయిన్ల బాణము అను కొలతలపై చూచినది. పొట్టి చేతులవాడు బరువైన బాణము వేసినచో ఆ వేగము రాదు. పొగడ్తను ప్రక్కకు నెట్టి అసలు కొలతను పట్టుకొనుట మనవారికి పుట్టుకతో వచ్చిన విద్య. కనుక ఆ యువకునికి ఇట్టి పోలిక సరదాగానే తోచును.

ఈ పోలికలో మరియొక అంశము కలదు, వింటి చప్పుడు. ధ్వని సెకండుకు సుమారు 1,100 అడుగులు పోవును. మంచి వేటవింటి బాణము సుమారు 280 అడుగులు పోవును. లేడి 30 గజముల దూరమున, అనగా 90 అడుగుల దూరమున నిలిచియున్నచో, నారి చప్పుడు దానిని బాణముకంటె సుమారు పావు సెకండు ముందుగా చేరును. బెదరిన లేడి దుముకుటకై ఒళ్లు క్రిందికి వంచును. బాణము పైగా పోవచ్చును, లేక గురి తప్పి వేరొక చోట దిగవచ్చును. అందువలననే చప్పుడు తక్కువ గల విల్లుకు వేటగాండ్రు విలువ ఇత్తురు. ఆ పావు సెకండులో ఆ జంతువు చేయు పని ఏమి? బ్రతుకుటకు యత్నించుట. ధరలు, కొలతలు నిండిన ఆ పట్టికలో లేడి పక్షమున ఉన్న గడి అదొక్కటే. దానిని కూడ ఎంత తగ్గించినచో అంత మంచి విల్లని లెక్క తేలును.

దీనికి మనస్సాక్షి గల వేటగాడు చెప్పు సమాధానము తేలికైనది కాదు. తుపాకి గుండువలె బాణము తాకిడిచేత చంపదు. కోసి, రక్తము పోగొట్టి చంపును. విల్లు బలహీనమైనను, విలుకానికి అమరనిదైనను, జంతువు గాయముతో పారిపోయి ఎక్కడో పొదలో తీసికొని తీసికొని చచ్చును. ఈ కారణముననే పలు రాష్ట్రములు వేటవింటికి కనీసపు లాగు బరువును నిర్ణయించినవి. "నేనెట్లును వేటకు పోవుదును. నీవు మంచి విల్లు చెప్పినచో ఆ జంతువునకు బాధ తగ్గును. చెప్పకుండుట నీ అహింసయా?" అని అతడు అడుగును. ఈ మాటలో దయ లేదనరాదు.

అయితే ఆ దయకు స్థానమెక్కడ? చంపుట నిశ్చయమైన తరువాత, ఏ విధముగా చంపుట అను చోట మాత్రమే. చంపకుండుట అను మూడవ దారిని ఆ వాదము ముందే మూసివేసినది. అమృతచంద్రాచార్యులు పురుషార్థసిద్ధ్యుపాయమునందు, బాధపడు జీవిని చంపినచో దాని దుఃఖము తీరునను వాదమును కూడ ఎత్తుకొని ఖండించిరి. దయ పేరు పెట్టినంతమాత్రమున సంకల్ప హింస తన స్వభావమును మార్చుకొనదని వారి భావము. గృహస్థునికి వంటయందు, వ్యాపారమందు, ఆత్మరక్షణయందు కొంత హింస తప్పకపోవచ్చును. కోరి చేయు సంకల్ప హింసను మాత్రము శ్రావకుడు మొదటనే విడువవలెను. వినోదముకొరకు ఆడు వేట ఈ కోవలోనిదే.

ఇక చెప్పినవాని పాలెంత? చేయుట, చేయించుట, ఆమోదించుట అని మన శాస్త్రము మూడు ద్వారములు చూపినది. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమునందు అనర్థదండము ఐదు విధములని చెప్పుచు, ఆయుధముల నిచ్చుటను హింసాదానమనియు, జీవహింసకు దారితీయు సలహాను పాపోపదేశమనియు వేరువేరుగా పేర్కొనిరి. హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమునందు విషవాణిజ్యములో ఆయుధముల అమ్మకమును కూడ చేర్చిరి. అనగా దిగంబర, శ్వేతాంబర సంప్రదాయములు రెండును అమ్మినవానిని, చెప్పినవానిని కూడ లెక్కలోనికి తీసికొన్నవి.

మునికిని వేటగానికిని జరిగిన సంభాషణ మనవారు చిన్ననాటనే వినియుందురు. "లేడి ఎటు పోయెను?" అని వేటగాడు అడుగును. చూచిన ముని చెప్పడు. ఆచారాంగ సూత్రమునందు కూడ, దారిన పోవు సాధువును బాటసారులు మృగములను చూచితివా యని అడిగినచో, ఎరిగియు తెలుపక మౌనముగా సాగిపోవలెనను నియమము కలదు. "ఏ విల్లు మేలు?" అను ప్రశ్నయు అట్టిదే. ఆ ప్రశ్న లేడి కనబడిన పిమ్మట వచ్చినది, ఇది కనబడకముందే వచ్చినది. ఇంతకంటె భేదము లేదు.

"అచ్చట చట్టము ఒప్పుకొనుచున్నది గదా" అందురు. చట్టము దేశమునుబట్టి మారును. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. బ్రిటనులో తుపాకితో లేడిని కొట్టుటకు వీలున్నను, 1981 నాటి చట్టముచేత విల్లుతో కొట్టుట నేరము. ఒకచోట నేరము, మరియొకచోట వినోదము. లేడి ప్రాణము మాత్రము ఎచ్చటనైనను ఒకటియే.

"విల్లు ఎవరు దేనికి వాడుదురో అమ్మువానికి ఎట్లు తెలియును?" అని మరియొక సందేహము. ఇది న్యాయమైన ప్రశ్నయే. ఇదే కాంపౌండ్ విల్లుతో విజయవాడకు చెందిన జ్యోతి సురేఖ వెన్నం, 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణ పతకములు గెలిచెను. 50 మీటర్ల దూరమునుండి 80 సెంటీమీటర్ల పలకను కొట్టు ఆ విద్యలో ఏ ప్రాణికిని హాని లేదు. కనుక విల్లు స్వయముగా పాపము కాదు. కాని కొనువాని ఉద్దేశము అతడడుగు ప్రశ్నలలోనే కనబడును. పలకను కొట్టువాడు కదలక నిలుచు పొడవైన విల్లును కోరును. వేటకు పోవువాడు పొదలలో తిరుగుటకు పొట్టిది, చప్పుడు లేనిది కోరును. ఇరువది యేండ్లు అంగడిలో కూర్చున్న వర్తకుడు ఈ భేదము తనకు తెలియదనుట నమ్మదగిన మాట కాదు.

అట్లయిన ఆ యువకుడు ఏమి చేయవలెను? తక్కువ విల్లును మేలని చెప్పి మోసగింపరాదు. అది అసత్యము, పైగా గాయపడిన లేడి బాధ అతని తలమీదనే ఉండును. తెలియదని బొంకుటయు తగదు. "ప్రాణము తీయుటకు పనికివచ్చు లెక్క నేను చేయను. పలకను కొట్టుటకైనచో ఎంతసేపైనను నీతో కూర్చుందును" అని మర్యాదగా చెప్పవలెను. స్నేహితుడు నవ్వవచ్చును, నొచ్చుకొనవచ్చును, మరియొకని అడిగి కొననూవచ్చును. ఈ మాటవలన లేడి బ్రతుకునను హామీ లేదు. ఒకవేళ ఆ స్నేహితుడే తనకు అమరని వింటితో పోవుచున్నానని చెప్పినచో, "దానితో కొట్టకుము, ఆ ప్రాణి యాతన పడును" అని తప్పక చెప్పవలెను. బాణమును ఆపు మాట పలుకవచ్చును, నడుపు మాట పలుకరాదు. ఈ రెంటి నడుమనున్న గీత సన్ననిదే. సన్ననిదని గీతనే చెరిపివేయుట వివేకము కాదు.

ఇది అమెరికా అడవుల ముచ్చటయని మనము తృప్తిపడరాదు. మన బజారులలో ఎలుకల మందు, జిగురు అట్ట, ప్రాణముతో పట్టు బోను ఒకే అలమారలో ఉండును. "వీటిలో ఏది బాగుగా పనిచేయును?" అని కొనువారు అడుగుచుందురు. ధాన్యము పాడగుచున్నవాని కష్టము వినోదపు వేటవంటిది కాదు. అయినను జిగురుకంటిన ఎలుక ఎంతసేపు కొట్టుకొనునో ఎరిగిన మనము, బోనును ముందుంచి చూపవచ్చును, జిగురు అట్టను అసలు తెప్పించకుండనూవచ్చును. పర్యూషణ, దశలక్షణ పర్వములందు ప్రతిక్రమణము చేయునపుడు మన అలమారలోని సరకును కూడ ఒకసారి తలచుకొనుట మంచిది.

"ఏది మేలు?" అని అడిగినవానిని "దేనికి?" అని తిరిగి అడుగుట వర్తకునకు అలవాటు. శ్రావకునకు అది విధి.