పూర్వకర్మము లేని లోకము

టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అను అమెరికా సోదరులు నిర్మించి 2006లో వెలువరించిన డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అను కంప్యూటరు క్రీడయందు, ఆటకు పూర్వమే లోకసృష్టి జరుగవలసియుండును. ప్రపంచ మెంత విశాలమో, దాని చరిత్ర యెన్ని యేండ్లో, జాతు లెన్నియో, ఘోరమృగము లెన్నియో, ఖనిజములు సమృద్ధములో దుర్లభములో ఆడువాఁడే నిర్ణయించును. పిదప యంత్రము ఎత్తుపల్లములను, వర్షమును, ఉష్ణమును కల్పించి, కొండలను కోసి నదులను పాఱించి, జాతులను నిలిపి, ఏఁటివెంట నేఁడు యుద్ధములను మరణములను నడపించును. కోరిన లక్షణములు కుదరని లోకమును తానే త్రోసిపుచ్చి వేఱొకటి మొదలిడును.

ఇట్లు లోకమును సృజించువానిని గుఱించియే బ్రహ్మసూత్రముల రెండవ యధ్యాయము మొదటి పాదమున బాదరాయణుఁ డొక కఠినమైన యాక్షేపణ నెత్తుకొనెను. ఒకని సుఖమునను ఒకని దుఃఖమునను పుట్టించు నీశ్వరునకు పక్షపాతమును క్రౌర్యమును అంటవా? అంటవనియు, ఆయన ప్రాణుల కర్మము ననుసరించియే సృజించుననియు సమాధానము. శంకరుఁడు తన భాష్యమున దీనికి పర్జన్యుని దృష్టాంతముగఁ జూపెను: వాన వరికిని యవలకును సమానమే, భేదము విత్తనమునఁ గలదు. నెల్లూరు తీరమువారికి భాష్యము చదువకయే యిది తెలియును. కార్తీకమున ఈశాన్యపు గాలి తెచ్చు వాన పెన్న క్రింది కయ్యలకు ప్రాణము. అదే వాన ఇస్కపల్లి ఉప్పుమళ్లకడ కుప్పవోసిన యుప్పును కరఁగించును. అయినను 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడుకడ రైలుకట్టను కోసివేసిననాఁడు, కొంపలు మునిఁగినవారికి ఈ తర్క మూరట నిచ్చియుండునని నే ననఁజాలను.

ఆక్షేపకుఁ డంతటితో విడువఁడు. సృష్టికి మున్ను ప్రాణులే లేనపుడు కర్మ మెక్కడిది? సంసార మనాది, మొదటి జన్మ మనునదే లేదని సూత్రకారుని ప్రత్యుత్తరము. ఆయన సిద్ధాంతమంతయు ఈ యొక్క మాటపై నిలిచియున్నది. క్రీడాలోకమున నిలువనిదియు నిదియే. అచ్చట మొదటి సంవత్సరము స్పష్టముగఁ గలదు, ఆ యేఁట నిలిచిన మరుగుజ్జునకు పూర్వజన్మ మెంత వెదకినను దొరకదు. ఘోరమృగముల సంఖ్యను పెంచినవానికి ఆ సంఖ్యకుఁ దన యిష్టము దక్క వేఱు కారణము లేదు.

ఆ బొమ్మలకు బాధ యెక్కడిదందురు. లేదనియే నేనును నమ్ముచున్నాను. కాని చరిత్ర రుచిగా నుండుటకై యుద్ధము లధికముగాఁ గోరు మనస్సు ఆడువానియందు నిజముగనే యున్నది గదా. సూత్రకారుఁ డీశ్వరునకు లేదని స్థాపింపఁ బూనినది సరిగా అట్టి మనస్సే.

మన రామాయణ బాలకాండమున ఇట్టి స్రష్ట యొకఁడు కలఁడు. స్వర్గమునుండి త్రోయఁబడిన త్రిశంకునకై విశ్వామిత్రుఁడు దక్షిణదిక్కున వేఱు సప్తర్షులను, వేఱు నక్షత్రమాలను నిర్మించి, వేఱింద్రునిఁ జేయఁ బూనునంతలో దేవతలు వచ్చి వేఁడుకొనిరి. వైశాఖపు రాత్రులలో మైపాడు ఒడ్డునుండి దక్షిణమున మిక్కిలి దిగువగాఁ గనఁబడు నాలుగు చుక్కలను త్రిశంకు వందురు. ఆ సృష్టియు కోపమునఁ బుట్టినదే, పక్షపాతమే దానికి మూలము. ఋషియైనంతమాత్రమున ఆయనను విడిచిపెట్టఁబనిలేదు. అయినను దేవతలతో సంధి కుదుర్చుకొనునపుడు ఆయన తనకై యేమియు నడుగక, తాను చేసిన నక్షత్రములు లోకములున్నంతకాలము నిలువవలెనని యడిగెను. ఆటగాఁడో, నచ్చని లోకమును తుడిచి మఱియొకదాని కాజ్ఞ యిచ్చును. ఆ తుడిపివేఁతకు విసుగు తప్ప వేఱు హేతువు చెప్పవలసిన యవసర మతనికిఁ గలుగదు.