చిన్న గిన్నెలోని కృతజ్ఞత



నా వలన జరిగిన ఒక పొరపాటును మీ యెదుట ఒప్పుకొని ఈ మాటలు మొదలుపెట్టుచున్నాను. అది జరిగినది బందరు కాలువ గట్టుననున్న ఒక గ్రామసంఘములో, కోతపండుగనాడు. క్రొత్త బియ్యముతోను బెల్లముతోను పరమాన్నము వండిరి. ఆరాధన ముగిసిన తరువాత ప్రేమవిందుకు అందరము వరుసగా కూర్చుంటిమి. నా యెదుట ఒక సహోదరి కూర్చుండెను. ఆమె అంతకు రెండు నెలల క్రితము విజయవాడలో బరువు తగ్గుటకై పొట్టకు శస్త్రచికిత్స చేయించుకొనెను. ఆమె విస్తరిలో ఒక ఉడికిన గుడ్డును, రెండు చెంచాల ముద్దపప్పును మాత్రమే యుండెను.

నేను ఆ విస్తరి చూచి ఓర్చుకొనలేకపోతిని. "అమ్మా, ఇది దేవుడిచ్చిన పంట, కాదనకూడదు" అని చెప్పి నా చేతితోనే పరమాన్నము వడ్డించితిని. ఆమె ఒక్క క్షణము నా ముఖము చూచి, తల వంచుకొని తినెను.

పావుగంట గడిచెనో లేదో, ఆమె లేచి మందిరము వెనుకకు వెళ్లెను. నా భార్య వెంబడించి చూడగా, ఆమె గోడకు చేరగిలబడి చెమటతో తడిసిపోయి యుండెను. గుండె దడదడలాడుచుండెను. కడుపులో మెలిపెట్టుచుండెను. తేరుకొనుటకు గంటకు పైగా పట్టెను. మరునాడు నేను చూడబోయినప్పుడు ఆమె నెమ్మదిగా ఇట్లనెను: "అయ్యగారూ, తీపి వద్దని డాక్టరుగారు ముందే చెప్పినారు. కాని దేవుడిచ్చినదని మీరు పెట్టితే నేను వద్దని ఎట్లా అనగలను?"

ఆ మాట నన్ను చాల దినములు విడువలేదు. దేవుని పేరు పలికి, కోలుకొనుచున్న ఒక మనిషి నోటినుండి "వద్దు" అను మాటను నేను తీసివేసితిని. ప్రేమతోనే చేసితినని అనుకొంటిని. అయితే ఎదుటివాని బాధను అడిగి తెలిసికొనని ప్రేమ ప్రేమయేనా? ఈ ప్రశ్నను మీతో కలిసి ఆలోచింపవలెనని ఆ సహోదరి అనుమతితోనే ఇది వ్రాయుచున్నాను.

మొదట ఆమె శరీరములో ఏమి జరిగెనో తెలిసికొందము. మన పొట్ట తినినదానిని పట్టి యుంచి, నలిపి, కొంచెము కొంచెముగా ప్రేవులలోనికి విడుచును. దాని అడుగున పొలము గట్టుననుండు తూమువంటి కండరమొకటి యున్నది. బైపాస్ అను శస్త్రచికిత్సలో వైద్యులు పొట్ట పైభాగమున ఇంచుమించు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిని వేరుచేసి, దానిని నేరుగా చిన్నప్రేవుతో కలుపుదురు. స్లీవ్ అను మరియొక పద్ధతిలో పొట్టలో నూటికి 75 నుండి 80 వంతులు తీసివేసి, అరటికాయవంటి సన్నని గొట్టమును మిగుల్చుదురు. మన సహోదరికి చేసినది బైపాస్. ఆమె తిను ఆహారము ఇక ఆ తూము గుండ పోదు. కాలువ లాకు ఒక్కసారి ఎత్తివేసినప్పుడు నీరు నారుమడి మీద పడినట్లు, తీపి పదార్థము చిన్నప్రేవులో పడును. దానిని పలుచన చేయుటకు రక్తములోని నీరు ప్రేవులోనికి దిగును. అందుచేత 10 నుండి 30 నిమిషములలో దడ, చెమట, కడుపునొప్పి, విరేచనము కలుగును. వైద్యులు దీనిని డంపింగ్ అందురు. కొందరికి తినిన 1 నుండి 3 గంటల తరువాత రక్తములోని చక్కెర పడిపోయి కన్నులు తిరుగును, చేతులు వణకును.

ఇదిగాక చిన్న బాధలు అనేకము. మొదటి దినములలో పొట్టలోనికి ఎక్కించిన గాలి వలన భుజము నొప్పి పుట్టును. వికారము, త్రేన్పులు, కడుపులో గడగడ, మలబద్ధకము కలుగును. కొందరికి అంతకుముందు పడిన పాలు ఇప్పుడు పడవు. అన్నము ముద్దగా దిగి రొమ్ము వెనుక అడ్డుపడినట్లుండును. మన సీమలో ఇది చిన్న కష్టము కాదు. గుడ్డు తినినను, పప్పు త్రాగినను, అన్నము తిననివానిని మనము ఏమియు తిననివాడనియే అందుము గదా! మందిరములో నిశ్శబ్ద ప్రార్థన వేళ కడుపు చప్పుడు చేయునేమోయని ఆ సహోదరి కొన్ని ఆదివారములు ఇంటనే యుండిపోయెను. శరీర బాధకంటె ఆ సిగ్గు ఆమెను ఎక్కువగా కృంగదీసెను.

ఆ సిగ్గును ఆమెకిచ్చినది ఎవరు? మనమే. "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకొన్నది" అని ఊరివారు అనిరి. నేను పైకి అనకపోయినను నా మనస్సులోను ఆ తలంపు కొంత యుండెను. తిండిపోతుతనము పాపమే. కాని దానిని కాటాలో పెట్టి శరీరపు బరువునుబట్టి తూచలేము. 1999లో జపాను శాస్త్రజ్ఞులు గ్రెలిన్ అను ఆకలి పుట్టించు స్రావమును కనుగొనిరి. అది ఎక్కువగా పొట్టలోనే పుట్టును. ఆహారము తగ్గించి బరువు తగ్గినవారిలో ఆ స్రావము పెరిగి, ఆకలి మరింత హెచ్చగునని తరువాత తెలిసెను. పుట్టుక వలన, మందుల వలన, రోగముల వలన బరువు పెరుగువారు కలరు. సన్నగా నుండి ఇతరుల విస్తరిమీదనే కన్ను వేయువారును కలరు. వీరిలో తిండిపోతు ఎవరో మనకెట్లు తెలియును? ఇక కత్తిని ఆశ్రయించుట సులువైన దారియని అనువారు, పెసరకట్టు తేటను గంటసేపు చెంచాతో త్రాగి చూడవలెను.

అయితే మనము ఇంతగా "తినండి, ఇంకొంచెము తినండి" అని ఎందుకు బలవంతము చేయుదుము? ఇందుకు మన సీమ చరిత్రలో కారణము కలదు. 1832-33 నందన సంవత్సరమున గుంటూరు సీమలో వచ్చిన కరువులో ఇంచుమించు మూడవవంతు జనులు, లేక అంతకంటె ఎక్కువమంది నశించిరి. పెద్దలు దానిని డొక్కల కరువు అనిరి. 1855లో బెజవాడయొద్ద కృష్ణమీద ఆనకట్ట పూర్తియైన తరువాత ఈ డెల్టా వరిపొలముగా మారెను. ఆ ఆనకట్టకు బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చెను. ఎముకలు కనబడు మనుష్యులను చూచిన ముత్తాతల మనుమలము మనము. నిండు విస్తరి మనకు ప్రేమకు గురుతాయెను. అది మంచి గురుతే. అయితే ఆకలిగొన్నవానికి రెండవ గరిటె ప్రేమయైనట్లు, కోలుకొనువానికి ఆ గరిటెను ఆపుట ప్రేమ. గరిటె పట్టిన చేయి ఎదుటివాని అవసరమును ఎరుగవలెను.

లేఖనములలో దీనికి సాక్ష్యము లేకపోలేదు. ఏలీయా బదరీవృక్షము క్రింద సొమ్మసిల్లినప్పుడు దూత అతనిని గద్దింపలేదు, విందును పెట్టలేదు. ఒక రొట్టె, నీళ్లు పెట్టి, నిద్రపోనిచ్చి, తిరిగి లేపి మరల పెట్టెను. కొంచెము తినుట, విశ్రమించుట, మరల కొంచెము తినుట! వైద్యులు ఈనాడు చెప్పుచున్నదియు అదియే. తిమోతికి కడుపు జబ్బు తరచుగా వచ్చుచుండగా, పౌలు అతని విశ్వాసము తక్కువని వ్రాయలేదు. తన కాలములో తెలిసిన మందును చెప్పెను. రోమా సంఘములో తినువారును తిననివారును ఒకరినొకరు తీర్పుతీర్చుకొనుచుండగా, ఆ తీర్పు మీది కాదని ఆయన వారిని ఆపెను.

ఇట్టి శస్త్రచికిత్స పొంది బాధపడుచున్న సహోదరుడా, సహోదరీ, నీతో రెండు మాటలు చెప్పుదును. నీ బాధ శిక్ష కాదు. నీ శరీరము శిశువువలె తినుట మరల నేర్చుకొనుచున్నది. మొదట తేట ద్రవములు, తరువాత చిక్కని ద్రవములు, తరువాత మెత్తగా నలిపినవి, పిమ్మట మెత్తని ఆహారము. ఈ మెట్లు ఎక్కుటకు ఇంచుమించు రెండు నెలలు పట్టును. చిన్న గిన్నె, చిన్న చెంచా పెట్టుకొనుము. బాగుగా నమలుము. కడుపు చాలునన్నచోట ఆగుము, ఒక్క ముద్ద మిగిలినను మిగలనిమ్ము. భోజనముతో నీళ్లు త్రాగక, అరగంట ఆగి గుటక గుటకగా త్రాగుము. గుడ్డు, పప్పు, చేపవంటి మాంసకృత్తులు గలవానిని మొదట తినుము. వైద్యులు వ్రాసిన విటమినులను మానవద్దు. అవి జీవితమంతయు కావలసినవి.

రెండవ మాట. ఓర్పు వేరు, దాచుట వేరు. తీపి తినగా వచ్చిన దడను కూర్చుండి ఓర్చుకొనవచ్చును. కాని జ్వరము, తగ్గని కడుపునొప్పి, ఆగని గుండెదడ, ఆయాసము, నల్లని విరేచనము, నీళ్లు కూడ నిలువని వాంతులు కలిగినయెడల ప్రార్థించుచునే ఆ గడియలోనే ఆసుపత్రికి బయలుదేరుము. దినముల తరబడి వాంతులైనచో థయమిన్ అను విటమిను తగ్గి నరములకు చెరుపు కలుగును. బైపాస్ చేయించుకొన్నవారు ఊరిలో దొరకు డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్లలను వైద్యుని అడుగక మ్రింగరాదు. వాటివలన పుండ్లు పడును. మౌనముగా బాధపడుటయే భక్తియని తలంచకుము. దేవుడు నీకు నోరిచ్చినది తినుటకు మాత్రమే కాదు, చెప్పుటకును ఇచ్చెను.

విందు పెట్టు మనకును ఒక పాఠము కావలెను. వడ్డించుటకు ముందు "మీకు ఏది పడును?" అని అడుగుదము. "వద్దు" అనినచో ఒక్కసారికే విందము. తక్కువ తినినవాని విస్తరిని చూచి నవ్వక, వాని ప్రక్కన కూర్చుండి మాటలాడుదము. అమెరికాలో 1822లో తుపాకి దెబ్బతో పొట్టకు రంధ్రము పడిన అలెక్సిస్ సెంట్ మార్టిన్ అను యువకుని విలియం బోమాంట్ అను వైద్యుడు కొన్ని సంవత్సరములు పరిశీలించి, కోపము కలిగినప్పుడు జీర్ణక్రియ చెడుటను కండ్లార చూచి 1833లో గ్రంథము ప్రకటించెను. బల్లయొద్ద మనమాడు మాట ఎదుటివాని కడుపులోనికి దిగునని మరువకుందము.

ఆ కోతపండుగ తరువాతి నెలలో ప్రభురాత్రి భోజనపు ఆరాధన వచ్చెను. ఆ సహోదరి చాల దినములకు మందిరమునకు వచ్చి చివరి వరుసలో కూర్చుండెను. నేను రొట్టె విరిచి ఇచ్చుచు ఆమెయొద్దకు వచ్చితిని. అందరికిచ్చినంత ముక్కయే ఆమెకును ఇచ్చితిని. అందరు త్రాగినంతయే ఆమెయు త్రాగెను. ఆ దినమున ఎవరును "ఇంకొంచెము తిను" అనలేదు, "ఇంతేనా" అనలేదు. నా చేతిలోని పళ్లెరమును చూచి, ఇన్ని సంవత్సరములు ఈ సేవ చేయుచు నేను ఎన్నడును తలంచని సంగతి ఆనాడు తలంచితిని. ప్రభువు మనకై పెట్టిన బల్లయొద్ద అందరమును కొంచెమే తినువారము. అక్కడ ఒక్క చిన్న ముక్క చాలును.

ఆరాధన ముగిసిన పిమ్మట నేను ఆమెను క్షమాపణ అడిగితిని. ఆమె నవ్వి, "అయ్యగారూ, వచ్చే కోతపండుగకు నాకు రెండు చెంచాల పప్పు చాలు. దానికే స్తోత్రము చెప్పుకొంటాను" అనెను. దేవుడు మనకందరికిని అట్టి కృతజ్ఞతను, దానిని గౌరవించు మనస్సును దయచేయును గాక.