నిలువ నీడలేని బిడ్డ చదువు: దానమా? దాసోహమా?

వీరశైవ ధర్మమున దానమునకును దాసోహమునకును భేదము కలదు. దానమున ఇచ్చువాని చేయి పైన నుండును, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండును. ఒకనికి కీర్తి, మరొకనికి ఋణము. దాసోహమున ఈ క్రమము తలక్రిందులగును. ఇచ్చువాడే తాను దాసుడనని వంగును. తన కాయకమున సంపాదించిన దానిలో అవసరమునకు మించినది తనది కాదని అతడు తలచును. కావున జంగముడు స్వీకరించునది భిక్ష కాదు, తనకు చెందవలసినది. ఈ భేదము ఉపన్యాసవేదికలకే పరిమితమా, లేక నేటి నగరజీవనమునందలి ఒక చిక్కుప్రశ్నకు దారి చూపగలదా? ఆ ప్రశ్న యిది: ఉండుటకు ఇల్లు లేని బిడ్డను బడిలో చేర్చుకొనుట మన దయయా, ఆ బిడ్డ హక్కా?

హైదరాబాదులోని జూబ్లీహిల్సు, ఫిల్మ్ నగర్ ప్రాంతములను చూచినవారికి ఇది గ్రంథములలోని ప్రశ్న కాదని తెలియును. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు వీడి క్రమక్రమముగా ఇచటికి తరలివచ్చిన పిదప రాళ్లగుట్టలు చదునై స్టూడియోలును, భవంతులును వెలసినవి. ఆ గుట్టల నడుమనే బస్తీలును పుట్టినవి. ఒక భవంతి లేచుచున్నదన్న దాని ప్రక్క నీలిరంగు ప్లాస్టిక్ పట్టాతో కప్పిన గుడిసె యొకటి యుండును. పాలమూరు నుండియో, బీదరు నుండియో, ఒడిషా నుండియో వచ్చిన కూలికుటుంబము అందుండును. పని సగమైన పిమ్మట కాపలావాని సంసారము ఆ కట్టడము సెల్లారులోనే సాగును. స్లాబు పడి, సున్నము వేసి, రంగులు పూర్తియైన నాడు వారు మూటముల్లె సర్దుకొని మరొక పునాదిని వెదకికొని పోవుదురు. సినిమా సెట్టింగులోని ఇల్లు చిత్రీకరణ ముగియగానే కూలును. వీరి ఇల్లు మాత్రము ఇతరుల ఇల్లు పూర్తి కాగానే కూలును.

2011 జనగణనమున దేశమున 17 లక్షల 70 వేలకు పైగా జనులు ఇల్లు లేనివారుగా లెక్కకు వచ్చిరి. రోడ్డు ప్రక్కన, కాలిబాటలపై, వంతెనల క్రింద, రైల్వే ప్లాట్‌ఫారములపై, దేవాలయ మండపములలో నిద్రించువారు వీరు. కట్టడపు సెల్లారులో నున్న బిడ్డయు, బంధువుల వరండాలో తలదాచుకొన్న బిడ్డయు నిజమునకు ఇల్లున్న వారా? అమెరికాలో 1987లో చేయబడి, తదుపరి మెకిన్నీ–వెంటో చట్టమని పేరొందిన శాసనము ఈ విషయమున విశాలదృష్టి చూపినది. రాత్రి పండుకొనుటకు స్థిరమైన, చాలినంత చోటు లేని బాలు రందరును ఇల్లు లేనివారే యని అది ఎంచును. ఇల్లు పోయి బంధువుల యింట ఇరుకున నుండువారిని సైతము అందు చేర్చినది. అట్టి బిడ్డ కాగితములు లేకున్నను వెంటనే బడిలో చేరవచ్చును. చోటు మారినను పాత బడిలోనే కొనసాగవచ్చును.

మన దేశమున శాసనము లేదని ఎవ్వరును అనుకొనరాదు. 1993లో ఉన్నికృష్ణన్ – ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అను వ్యాజ్యమున సుప్రీంకోర్టు 14 ఏండ్ల వయస్సు వరకు విద్య ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. 2002లో 86వ సవరణము 21-ఎ అధికరణమును రాజ్యాంగమున చేర్చినది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. వయస్సు ధ్రువపత్రము లేదను కారణముచే ఏ బిడ్డనూ త్రిప్పి పంపరాదని దాని 14వ సెక్షను చెప్పును. టి.సి. తెచ్చుటలో ఆలస్యమైనదని చేర్చుకొనుట ఆపరాదనియు, టి.సి. ఇచ్చుటలో జాప్యము చేసిన ప్రధానోపాధ్యాయునిపై క్రమశిక్షణ చర్య యుండుననియు 5వ సెక్షను. చదువు వెనుకబడిన బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ నీయవలెనని 4వ సెక్షను. వలసవచ్చిన కుటుంబముల బిడ్డలను చేర్పించు బాధ్యత స్థానిక సంస్థదే యని 9వ సెక్షను. బడిలో చేరుటకు ఆధారు తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టపరచినది.

అయినను బడి వాకిట ఆ తల్లికి ఎదురగు ప్రశ్నలు మూడు: చిరునామా ఏది? జనన ధ్రువపత్రమేది? పాత బడి టి.సి. ఏది? శాసనము తన పక్షమున నున్నదని ఆమె యెరుగదు. కూలి పోగొట్టుకొని రెండవ దినము మరల వచ్చుట ఆమెకు సాధ్యము కాదు. హక్కు పుస్తకమున నిలిచిపోవును, బిడ్డ ఇసుకకుప్పపై నిలిచిపోవును.

ఇచట మన ధర్మము ఏమి చెప్పును? జంగమమనగా చలించునది, స్థావరమనగా కదలక నిలుచునది. బసవేశ్వరుడు స్థావరమున కంటె జంగమమునకే మిన్నయైన స్థాన మొసగెను. భక్తుడు దేవుని వెదకికొనుచు ఆలయమునకు పోనక్కరలేదు. ఇష్టలింగము అతని దేహముననే యుండును. అతడు ఎచటికి పోయినను పూజ తప్పదు. ఈ తత్త్వమునే చదువునకు అన్వయింపుడు. ఇష్టలింగము దేహముతో వచ్చునట్లు విద్యాధికారము బిడ్డతో రావలెను. ఒక ఇంటినంబరునకు, ఒక కరెంటు బిల్లునకు అంటుకొని యుండరాదు. ఉడుతడిని వీడి కల్యాణమునకు వచ్చిన అక్కమహాదేవిని అనుభవమంటపమున అల్లమప్రభువు పరీక్షించెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ పరీక్ష ఆమె అనుభవమును గూర్చినది గాని ఆమె వసతిని గూర్చినది కాదు.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. జంగముడు ఇల్లు లేకుండుటను తానై వరించెను. కూలివాని బిడ్డ వరింపలేదు. ఇరువురిని ఒకే గాట కట్టుట దారిద్ర్యమును పుణ్యముగా చూపుట కాదా? ఈ ఆక్షేపణ న్యాయమైనది. ఇల్లు లేమి పవిత్రము కాదు. అది బాధ, దానిని తొలగింపవలసినదే. మన వాదము వేరు. ఇంటిని వదలి వచ్చినవానికి పాదపూజ చేయు మనము, మనుష్యుని విలువ అతడు నిలిచిన చోటున లేదని ఒప్పుకొన్నవారమైతిమి. ఒప్పుకొన్న పిమ్మట ఇల్లు దొరకని పసివాని యొద్ద మాత్రము చిరునామా అడుగుటకు మనకు నోరెట్లు వచ్చును?

మరికొందరు కాయకము పేరు చెప్పుదురు. టీ అందించు పిల్లవాడును, ఇటుకలు మోయు పిల్లయు కాయకమే చేయుచున్నారు గదా యని వారి వాదము. మడివాళ మాచయ్య, నులియ చందయ్య మొదలగు శరణుల కాయకము పెద్దలు తెలిసి స్వీకరించినది. పసివానిచే బలవంతముగా చేయించు చాకిరికి ఆ పేరు చెల్లదు. బాలుని కాయకము చదువే. ఫిల్మ్ నగర్ ఇందులకు ఒక విచిత్రమైన ఉదాహరణము చూపును. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము 14 ఏండ్లలోపు వారిచే పని చేయించుటను నిషేధించి, బాలనటులకు షరతులతో మినహాయింపు నిచ్చినది. 2017 నియమముల ప్రకారము బాలనటుడు దినమునకు 5 గంటలకు మించి పని చేయరాదు. అతని చదువు ఆగరాదు. సంపాదనలో కనీసము 20 శాతము అతని పేర బ్యాంకున నిలువ చేయవలెను. మంచి నియమములే. అయితే కెమెరా ముందు వీధిబాలుని వేషము వేసిన బిడ్డ చదువును గూర్చి నిర్మాత పూచీపడవలెను. గోడకు ఆవల నిజముగా వీధిన నున్న బిడ్డ చదువునకు పూచీ ఎవరిది? స్థానిక సంస్థదని శాసనము చెప్పును. దానిని జ్ఞప్తికి తెచ్చుట ఇరుగుపొరుగు వారి ధర్మము.

వసతిగృహమున చేర్చిన చాలదా యని అడుగుదురు. తల్లిదండ్రులు లేని బిడ్డలకు వసతిగృహము ప్రాణాధారమే. తుమకూరు సిద్ధగంగా మఠమున డాక్టర్ శివకుమార స్వామివారు 2019లో లింగైక్యులగు వరకు కులభేదము లేక వేలాది బాలురకు అన్నము, వసతి, విద్య సమకూర్చిరి. కలకత్తా సీల్డాలోని లొరెటో పాఠశాల 1985 మొదలు తన గదులను వీధిబాలికలకు తెరచినది. హైదరాబాదులో సైతము ప్రభుత్వ పాఠశాలల ఖాళీ గదులలో రెయిన్‌బో హోములు నడచుచున్నవి. కాని తల్లియున్న బిడ్డకు చదువు కావలెనన్న తల్లిని విడువవలెనని నియమము పెట్టుట న్యాయము కాదు. ఆ బిడ్డకు కావలసినది కొద్దిపాటి ఆసరా: సాయంకాలము దీపము, స్నానమునకు నీరు, పుస్తకములు తడవక దాచుకొను బీరువా, చోటు మారినప్పుడు టి.సి. తీసియిచ్చు పెద్దదిక్కు. సాయంవేళ ఖాళీగా నుండు హాలు ఏ మఠమునకు లేదు? చదువుకొన్న యువకుడు ఒక్కడైన లేని లింగాయత కుటుంబ మెన్ని?

ఒక హెచ్చరిక. నోటుపుస్తకములు పంచుచు బిడ్డను ప్రక్కన నిలిపి ఫొటో తీయించుకొనుట దానమే గాని దాసోహము కాదు. ఋణము తీర్చువాడు ఫొటో తీయించుకొనడు.

మనలో అనేకులు ఇండ్లు కట్టించుచున్నారు. మంచి ముహూర్తమున గురువులను, జంగములను పిలిచి పాదపూజ చేసి గృహప్రవేశము జరుపుదురు. ఆ దినమే ఆ యింట ఏడాదిగా నిద్రించిన కాపలావాని బిడ్డ ఇల్లు వీడి పోవును. మన గృహప్రవేశము వానికి గృహత్యాగము. పునాది తీయు దినముననే మేస్త్రిని పిల్లలు బడికి పోవుచున్నారా యని అడుగుడు. పోకున్న, వారి తల్లి వెంట మీరు నడచి బడి వాకిట నిలువుడు. 14వ సెక్షనును వినయముగా చదివి వినిపింపుడు. వారు తరలిపోవు దినమున టి.సి. వారి చేతనున్నదా యని చూడుడు. అప్పుడే ఆ యింట జరిగిన జంగమార్చన సంపూర్ణమగును.

శరణు శరణార్థి.