నీకు నచ్చిన పుస్తకమే చెప్పమ్మా

అమ్మలూ,

నీకిష్టమైన పుస్తకాలేవో, ఎలా చదువుతావో రాసి పంపమని పత్రికవాళ్లు అడిగారని తెలిసి ఎంత సంతోషమేసిందో. కథలు రాసే పిల్ల ఏం చదువుతుందో తెలుసుకోవాలని నలుగురికీ అనిపించడం మంచి శకునమే. "ఏ పేర్లు రాస్తే బావుంటుంది పెద్దమ్మా?" అని అడిగావు. నా మాట వింటే, బావుంటాయని ఏ పేరూ రాయకు. అర్ధరాత్రి దాకా నిన్ను నిద్రపోనివ్వని పుస్తకాలేవో అవి రాయి. నోబెల్ వచ్చినవి నాలుగు, మధ్యలో మర్యాదకి ఒక తెలుగు నవల పేర్చి పంపితే చూసినవాళ్లు తలూపి పేజీ తిప్పేస్తారు. ఆ పుస్తకం చదివి తీరాలన్న కోరిక ఎవరికీ పుట్టదు. రచయిత తన చదువు గురించి నోరు విప్పితే అవతలి మనిషికి ఆ కోరిక పుట్టాలి.

ఈ పని ఎంత బాగా చెయ్యవచ్చో మాలతీ చందూర్ గారు చేసి చూపించారు. స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' అనే శీర్షిక కింద ఏళ్ల తరబడి ప్రపంచ నవలల్ని తెలుగువాళ్లకి పరిచయం చేశారు. ఇంగ్లీషు రాని ఇల్లాళ్లకి, ఆ పుస్తకాలు కంటపడే వీల్లేని చిన్న ఊళ్ల ఆడపిల్లలకి కథంతా కూర్చోబెట్టి చెప్పినట్టు చెప్పేవారు. ఆవిడ తనూ పెద్ద నవలాకారిణే. 'హృదయనేత్రి'కి 1992లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అయినా మరొకరి నవల గురించి రాసేటప్పుడు తన పాండిత్యం ముందుకు తోసేవారు కాదు. నువ్వు రాసేదాంట్లోనూ ఆ గుణం ఉండాలని నా కోరిక. నీ కన్నా పుస్తకం పెద్దగా కనపడాలి.

వట్టికోట ఆళ్వారుస్వామి గారి సంగతీ తెలుసుకో. 'ప్రజల మనిషి' నవల రాసిన ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. నిజాం పాలనలో తెలుగు పుస్తకం చేతికి రావడమే గగనమైన రోజులవి. అచ్చువేయించిన పుస్తకాల్ని తనే మోసుకుంటూ ఊళ్లు తిరిగి అమ్మారు. పుస్తకాన్ని పదిమందికి చేర్చడం రాయడమంత గౌరవమైన పని అనుకున్న మనుషులు వీళ్లంతా. పత్రికవాళ్ల ప్రశ్న చిన్నదే, కానీ నీ చేతికి వచ్చిన పని మాత్రం అదే.

ఇక ఎలా చదువుతావన్న ప్రశ్న. దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే చదివే అలవాటు ముందు గట్టిగా ఉండాలి. నచ్చిన పుస్తకాన్ని రెండోసారి చదువు. మొదటిసారి కథ లాక్కుపోతుంది, రచయిత ఏం చేశాడో చూసుకునే తీరిక ఉండదు. రెండోసారికి ఆ తీరిక దొరుకుతుంది. కన్యాశుల్కం తీసుకో. విజయనగరం బొంకులదిబ్బ మీద గిరీశం ఒంటరిగా తనలో తను మాట్లాడుకుంటూ ఉంటే నాటకం మొదలవుతుంది. ఊరినిండా అప్పులు. సంతలో సామాన్లు కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర తీసుకున్న ఇరవై రూపాయలూ మధురవాణి పాలయ్యాయి. ఊరు దాటితేగాని గతిలేదు. కాసిని వాక్యాల్లో అతని అవస్థంతా తెలిసిపోతుంది. మధ్యమధ్య వేసే ఇంగ్లీషు ముక్కలతో అతని డాబూ తెలిసిపోతుంది. వీడు మోసగాడు అని గురజాడవారు మనకి చెప్పరు, గిరీశం చేతే చెప్పిస్తారు. ఆ పేజీ గొంతెత్తి చదువు. చెవిన పడితేగాని తెలుగు మాటలోని విరుపు తెలియదు. నీ కథల్లో మొదటి పేజీ అంతా మనుషుల్ని పరిచయం చెయ్యడానికే సరిపోతోంది. అందుకు మందు ఇక్కడుంది.

ఆ నాటకం మొదట 1897లో అచ్చయింది. మనం ఇప్పుడు చదివేది 1909లో ఆయన తిరగరాసి ఎంతో పెంచిన కూర్పు. మొదటిదాన్ని బంగోరె గారు వెతికి పట్టి మళ్లీ అచ్చులోకి తెచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని మధురవాణి ఎంత ఎదిగిందో చూడు. పన్నెండేళ్ల తర్వాత తన రచనని తనే పరాయివాడిలా చదువుకుని, చాలదనుకుని మళ్లీ కూర్చున్న రచయిత కనిపిస్తాడు. రాతకి సంబంధించి ఇంతకన్నా పెద్ద పాఠం నాకు తెలియదు.

పరాయి భాషల పుస్తకాలు చదవద్దని నేననడం లేదు, తల్లీ. బుచ్చిబాబు గారు షేక్‌స్పియర్ మీద ఒక పుస్తకమే రాశారు. రావిశాస్త్రి గారి 'అల్పజీవి' మీద జేమ్స్ జాయిస్ ప్రభావం ఉందని విమర్శకులు చెబుతారు. నవల తెరిస్తే మాత్రం సుబ్బయ్య కనపడతాడు, అతని పిరికితనం కనపడుతుంది, విశాఖపట్నం కనపడుతుంది. చదివింది అలా ఒంటపట్టాలి. దానితోపాటు నీది కాని తెలుగుని కూడా చదువు. శ్రీపాదవారి గోదావరి మాట, నామిని చిత్తూరు మాట, దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు'లోని తెలంగాణ మాట నీ చెవిలో పడితే నీ పాత్రలన్నీ ఒకే గొంతుతో మాట్లాడటం మానేస్తాయి.

ఒక నోటుపుస్తకం పెట్టుకో. పుస్తకం పేరు, చదివిన తేదీ, ఏ పేజీ దగ్గర ఆగి మళ్లీ వెనక్కి వెళ్లావో, ఎందుకు వెళ్లావో రెండు ముక్కలు రాసుకో. లైబ్రరీ పుస్తకం మీద గీతలు పెట్టకు. చదివే గంట సేపూ ఫోను పక్కగదిలో ఉండనీ. రుచించని పుస్తకాన్ని సగంలో ఆపితే పాపమేమీ లేదు, దాని కాలం వచ్చినప్పుడు అదే పిలుస్తుంది. విజయవాడ వెళితే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు, హైదరాబాదులో ఉంటే ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు వదలకు. వెతకబోయింది దొరక్కపోయినా వెతకనిది తప్పక దొరుకుతుంది.

జవాబు రాసేటప్పుడు మూడు పుస్తకాలు చాలు. ఒక్కోదాని గురించి అందులో ఏముందో కొంచెం చెప్పి, నిన్ను ఏ చోట పట్టి ఆపిందో వివరంగా చెప్పు. చిన్నప్పటి చందమామ నీకు కథ చెప్పడం నేర్పి ఉంటే సంకోచం లేకుండా అదే ముందు రాయి. కొడవటిగంటి కుటుంబరావు గారంతటివారు ఆ పత్రికకి తన జీవితంలో పెద్ద భాగం ఇచ్చారు, నీకు నామోషీ ఎందుకు? ఆ పుస్తకాలు ఇప్పుడెక్కడ దొరుకుతాయో కూడా రాయడం మరిచిపోకు. నీ నాలుగు మాటలు చదివి ఎవరో ఒక్కరు లైబ్రరీకి వెళ్లి ఆ పుస్తకం అడిగారంటే, నీ కథకి బహుమతి వచ్చిన దానికన్నా నేను తక్కువ సంతోషించను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ